మొత్తం గడిలో ఉన్నది మొత్తం కాదు

మందుల టోకు వ్యాపారం చేసే ఒక కుటుంబ సంస్థకు కొన్నేళ్లుగా నేను మైక్రోసాఫ్ట్ వారి రిపోర్టుల సాఫ్ట్‌వేర్ అయిన పవర్ బీఐలో రిపోర్టులు తయారుచేసి ఇస్తున్నాను. ఒకసారి నెలాఖరు లెక్కలు చూసే వేళ యజమాని గారి బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కనే కనిపించాయి. ఒకటి నా రిపోర్టు నుంచి ప్రింటు తీసినది. దాని మొత్తం వరుసలో లాభ శాతం 10.6 అని ఉంది. రెండోది వారి అకౌంటెంటు గారు అవే అంకెలతో ఎక్సెల్‌లో వేసినది. అందులో 14 అని ఉంది. పై మూడు వరుసలూ రెండింటిలోనూ పైసాతో సహా ఒకటే. "పైనంతా కలిసి కింద మాత్రం కలవకపోవడమేంటండీ? మీ సిస్టమ్‌కి కూడికలు రావా?" అని ఆయన అడిగారు. ఎకసెక్కంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగారు. నన్ను ఇబ్బంది పెట్టినది కూడా అదే.

చెప్పడానికి వీలుగా అంకెలను సరళం చేస్తాను. విజయవాడ టోకు శాఖ 60 లక్షలు అమ్మి 4.8 లక్షలు మిగుల్చుకుంది. అది 8 శాతం. గుంటూరు శాఖ 30 లక్షల మీద 3.6 లక్షలు, అంటే 12 శాతం. తెనాలిలో ఉన్నది చిల్లర దుకాణం. అక్కడ 10 లక్షల మీద 2.2 లక్షలు, అంటే 22 శాతం. అకౌంటెంటు గారు 8, 12, 22 కూడి మూడుతో భాగించారు, 14 వచ్చింది. నా రిపోర్టు మొత్తం లాభమైన 10.6 లక్షలను మొత్తం అమ్మకమైన కోటి రూపాయలతో భాగించింది, 10.6 వచ్చింది. ఇద్దరిలో ఎవరి భాగహారమూ తప్పలేదు. "మన శాఖలు సగటున ఎంత శాతం మీద నడుస్తున్నాయి?" అన్న ప్రశ్నకు 14 జవాబు. "మనం అమ్మిన ప్రతి వంద రూపాయల్లో మనకు మిగిలినదెంత?" అన్న ప్రశ్నకు 10.6 జవాబు. యజమానికి కావలసినది రెండోది, ఎందుకంటే బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టుకు వడ్డీ కట్టేది ఆ మిగిలిన రూపాయల్లోంచే గాని శాఖల సగటులోంచి కాదు. కానీ ఆ సంగతి రిపోర్టులో ఎక్కడా రాసి లేదు. "లాభ శాతం" అని మాత్రమే ఉంది. తప్పంటూ ఉంటే ఆ రెండు మాటల్లో ఉంది, అవి రాసింది నేనే.

రిపోర్టులో అంకెలు పొసగలేదని తెలియగానే ఫార్ములా తెరిచి మరమ్మతు మొదలుపెట్టే అలవాటు మా వృత్తిలో పాతుకుపోయింది. నా వాదన ఏమిటంటే, ఆ అలవాటు చాలాసార్లు సరైన అంకెను చెరిపేసి తప్పుడు అంకెను నిలబెడుతుంది. రెండు అంకెలు కలవనప్పుడు మొదట తేల్చవలసినది ఏది తప్పు అన్నది కాదు, ఏది ఏ ప్రశ్నకు జవాబు అన్నది. అది తేలాక కూడా తేడా మిగిలితే, అప్పుడే దాన్ని దోషమని పిలవాలి.

ఇక్కడ మొత్తం గడి పనిచేసే తీరు కొంచెం చెప్పాలి, ఎందుకంటే గందరగోళంలో సగం అక్కడే పుడుతుంది. ఎక్సెల్‌తో పెరిగిన కంటికి కింది వరుస పై వరుసల కూడికగానే కనిపిస్తుంది. పవర్ బీఐలో మెజర్, అంటే మనం రాసి పెట్టే లెక్క సూత్రం, అలా నడవదు. అది ప్రతి గడికీ విడివిడిగా, ఆ గడికి వర్తించే వడపోతలతో, మొదటి నుంచి లెక్క వేసుకుంటుంది. గుంటూరు గడిలో గుంటూరు బిల్లులే దానికి కనిపిస్తాయి. మొత్తం గడిలో శాఖ అన్న వడపోతే ఉండదు కాబట్టి అన్ని బిల్లులూ కనిపిస్తాయి. పైన ఏ అంకెలు వచ్చాయో మొత్తం గడి తలెత్తి చూడనే చూడదు. అదే శాతాన్ని మెజర్‌గా కాక క్యాలిక్యులేటెడ్ కాలమ్‌గా రాసి, ప్రతి బిల్లు వరుసకూ శాతం కట్టి, వాటి సగటు చూపిస్తే మూడో అంకె వస్తుంది. అప్పుడు ఇరవై రూపాయల పారాసిటమాల్ స్ట్రిప్పుకూ నలభై వేల రూపాయల ఇన్సులిన్ సరుకుకూ ఒకే బరువు దక్కుతుంది. మూడు అంకెలూ ఒకే పేరుతో మూడు పేజీల్లో ఉన్న రిపోర్టులు నేను చూశాను. వాటిలో ఒకటి నా చేతి పనే.

పై వరుసల సగటునే మొత్తం గడిలో చూపించడం కష్టమేమీ కాదు. శాఖల జాబితా మీద యావరేజ్‌ఎక్స్ (ఒక్కో వరుసకూ లెక్క వేసి సగటు తీసే ఫంక్షన్) తిప్పితే చాలు, 14 వచ్చేస్తుంది. అడిగిన మనిషి సంతోషంగా వెళ్లిపోతాడు. ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒకరి పోరు పడలేక నేనూ అలాగే చేశాను. రెండు వారాల తరువాత అదే మెజర్‌ను మరొకరు మందుల కంపెనీల వారీ పట్టికలో పెట్టుకున్నారు. అక్కడ ప్రతి కంపెనీ గడిలోనూ శాఖల సగటు రావడం మొదలైంది. ఒక శాఖలో రెండే రెండు బిల్లులున్న కంపెనీ శాతం ఆకాశానికి అంటింది. ఒక పేజీలో చూపు కోసం వేసిన అతుకు మరో పేజీలో అబద్ధమైంది.

సగటుల మీద సగటు తీయడం చిన్న విషయమని అనుకునే వారికి నేను ఒక ఉదంతం చెబుతూ ఉంటాను. కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు 2010లో ప్రచురించిన పత్రంలో, ప్రభుత్వ రుణం జీడీపీలో 90 శాతం దాటిన సందర్భాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని తేల్చారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్ విద్యార్థి థామస్ హెర్న్‌డన్, ఆయన అధ్యాపకులు మైఖేల్ ఆష్, రాబర్ట్ పోలిన్ అవే లెక్కలు మళ్లీ వేసి అది 2.2 శాతమని చూపించారు. ఎక్సెల్ ఫార్ములాలో ఐదు దేశాల వరుసలు ఎంపికలోంచి జారిపోయాయన్న సంగతి పత్రికలకెక్కి నవ్వులపాలైంది. కానీ తేడాలో ఆ పొరపాటు వాటా కొంతే. అసలు తగవు కొన్ని సంవత్సరాల దత్తాంశాన్ని వదిలేయడం మీద, బరువులు వేసిన పద్ధతి మీద నడిచింది: అధిక రుణంతో 19 సంవత్సరాలు గడిపి సగటున 2.4 శాతం వృద్ధి చూసిన బ్రిటన్‌కూ, ఒకే ఒక సంవత్సరం ఆ కోవలోకి వచ్చి మైనస్ 7.6 శాతం చూసిన న్యూజిలాండ్‌కూ సమానమైన బరువు ఇచ్చారు. అది టైపు తప్పు కాదు, తీసుకున్న నిర్ణయం. తెనాలి దుకాణానికీ విజయవాడ శాఖకూ ఒకే బరువు ఇచ్చిన మా అకౌంటెంటు గారి నిర్ణయమూ ఆ జాతిదే, కాకపోతే ఆయన దాన్ని నిర్ణయమని అనుకోలేదు.

మొత్తం గడి ఎప్పుడూ ఒప్పే, వరుసల కూడిక ఎప్పుడూ తప్పే అని దీన్నిబట్టి సూత్రం కడితే అది మరో పొరపాటు అవుతుంది. అదే సంస్థలో రెప్పుల (అమ్మకాల ప్రతినిధుల) ఇన్సెంటివ్ పట్టిక చేయవలసి వచ్చింది. ఒక్కొక్కరు నెలకు ఐదు లక్షలు దాటి అమ్మిన దాని మీద రెండు శాతం ఇస్తారు. ఒకాయన ఏడు లక్షలు అమ్మారు. ఆయనకు 4,000 రూపాయలు. రెండో ఆయన నాలుగు లక్షలే అమ్మారు. ఆయనకు ఏమీ లేదు. మొత్తం గడి మాత్రం ఇద్దరి అమ్మకమూ కలిపి పదకొండు లక్షలు చూసి, అందులోంచి ఐదు లక్షలు తీసేసి, 12,000 రూపాయలు చూపించింది. ఐదు బదులు ఇద్దరి లక్ష్యాలూ కలిపి పది లక్షలు తీసేస్తే 2,000 వస్తుంది, అదీ తప్పే. సంస్థ చెల్లించేది 4,000. ఇక్కడ లెక్క మనిషి దగ్గర మొదలై మనిషి దగ్గరే ముగియాలి కాబట్టి, రెప్పుల జాబితా మీద సమ్‌ఎక్స్ నడిపి వరుసల కూడికనే మొత్తంగా చూపించడం సరైన పని. లాభ శాతం పట్టికా, ఇన్సెంటివ్ పట్టికా చూడటానికి ఒకే రోగంతో ఉన్నట్టుంటాయి. మందులు మాత్రం ఎదురెదురు. ఫార్ములాను మాత్రమే చదివిన వాడికి ఏ మందు వేయాలో తెలిసే మార్గం లేదు. డబ్బు ఎవరి చేతికి, ఏ లెక్కన వెళుతుందో తెలిసిన వాడికే తెలుస్తుంది.

కొన్ని అంకెలకైతే కూడిక అన్నదే వర్తించదు. ఏప్రిల్‌లో 310 మెడికల్ షాపులు, మేలో 320, జూన్‌లో 300 సరుకు కొంటే, మూడు నెలల గడిలో 352 కనిపిస్తుంది గాని 930 కనిపించదు, ఎందుకంటే ఎక్కువ షాపులు మూడు నెలలూ కొన్నాయి. నెలాఖరు స్టాకు విలువ కూడా అంతే. ఇవి ఒకసారి వివరిస్తే అందరికీ అర్థమవుతాయి. వివరించకుండా వదిలేస్తే ప్రతి త్రైమాసికంలో ఒక ఫోను వస్తుంది.

ఇక నిజమైన దోషాల దగ్గరకు వస్తాను. అవి లేవని నేను అనడం లేదు. ఒక నెల నా రిపోర్టు అమ్మకానికీ టాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) అమ్మకానికీ 3,412 రూపాయల తేడా వచ్చింది. అన్ని శాఖల మీదా అంత చిన్న తేడా కాబట్టి బిల్లుల రౌండాఫ్ అయి ఉంటుందని నేను అన్నాను, అకౌంటెంటు గారు తలూపారు, ఇద్దరం ముందుకు సాగిపోయాం. మరుసటి నెల తేడా లక్ష దాటింది. అప్పుడు వెనక్కి వెళ్లి తవ్వితే ఆ 3,412 లోపల రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకుని కనిపించాయి. బిల్లు వరుసలను స్కీముల (ఆఫర్ల) పట్టికతో కలిపేటప్పుడు, పాత స్కీముకు ముగింపు తేదీ వేయడం మరిచిపోయిన కొన్ని ఐటమ్‌లకు రెండేసి స్కీములు తగిలి, ఆ బిల్లు వరుసలు రెట్టింపయ్యాయి. దాని వల్ల అమ్మకం 87,412 రూపాయలు పెరిగింది. మరోవైపు కొత్తగా తెరిచిన కౌంటరు కోడ్ శాఖల జాబితాలో చేరలేదు; ఆ కౌంటరు అమ్మిన 84,000 రూపాయలు పట్టికలోంచి మాయమయ్యాయి. అప్పటి నుంచి పెద్ద తేడా కంటే చిన్న తేడానే నేను ఎక్కువ అనుమానిస్తాను. రౌండాఫ్ అని తేల్చాలంటే టాలీలో రౌండాఫ్ లెడ్జరు తెరిచి ఆ నెల మొత్తం చూడాలి. అది 3,412 కాకపోతే మన మాట ఊహ మాత్రమే.

ఆ కౌంటరు అమ్మకం మాయమైన తీరు చెప్పుకోదగ్గది. బిల్లుల్లో ఉన్న కోడ్ శాఖల జాబితాలో లేకపోతే పవర్ బీఐ ఆ బిల్లులను పారేయదు. శాఖల జాబితాకు కంటికి కనిపించని ఒక ఖాళీ వరుస చేర్చి, దిక్కులేని అమ్మకమంతా దాని కింద పెడుతుంది. పట్టికలో పేరు లేని ఒక వరుసగా అది కనిపిస్తుంది. అది చూడటానికి బాగాలేదని ఎవరో ఆ పట్టికకు మాత్రం "ఖాళీ కానివి" అని వడపోత పెట్టారు. దాంతో ఆ పట్టిక మొత్తం గడి తగ్గింది. అదే పేజీలో పైన ఉన్న కార్డులో, వడపోత లేదు కనుక, పాత అంకె అలాగే ఉంది. రెండూ ఒకే మెజర్, ఒకే పేజీ, రెండు అంకెలు. ఆ ఖాళీ వరుస నా దృష్టిలో రిపోర్టు అంతటిలో అత్యంత నిజాయితీ గల వరుస. దాన్ని దాచడం చెత్తను చాప కిందికి ఊడ్చడమే.

వెతకడం ఎలాగంటే, నేను ఇప్పుడు మొత్తం గడి దగ్గర మొదలుపెట్టను. తేడా ఉన్న ఒక శాఖ, ఒక రోజు, ఒక ఐటమ్ దాకా దిగి, ఒకే ఒక కాగితపు బిల్లు చేతిలో పట్టుకుంటాను. శాతం ఉన్న చోట దాని పక్కనే లవాన్నీ హారాన్నీ రెండు విడి కాలమ్‌లుగా పెడతాను. తేడా శాతంలో కనిపించినా, దోషం ఎప్పుడూ ఆ రెండింటిలో ఒకదానిలోనే ఉంటుంది. పట్టికలు కలిపే ప్రతి దశకు ముందూ వెనుకా వరుసలు లెక్కపెడతాను. స్కీముల విషయంలో నన్ను ఒడ్డున పడేసింది ఈ లెక్కే: 48,212 వరుసలు లోపలికి వెళ్లి 48,397 బయటికి వచ్చాయి. ఎక్కువైన ఆ 185 వరుసలను చూడటానికి పది నిమిషాలు పట్టింది. అంతకుముందు రెండు రోజులు నేను డాక్స్ (పవర్ బీఐ ఫార్ములాల భాష) ఫార్ములాల్లో తిరుగుతూ ఉన్నాను.

ఫార్ములాల్లో నిజంగా తప్పు చేసే చోట్లు కూడా కొన్ని ఉన్నాయి, అవి ఎప్పుడూ అవే. వేరియబుల్‌లో, అంటే ఒక పేరు కింద, అమ్మకం దాచుకుని, తరువాత దాన్ని వడపోతలు మార్చే క్యాలిక్యులేట్ ఫంక్షన్‌లో పెట్టి నిరుటి అంకె అడుగుతారు. కానీ వేరియబుల్ విలువ ప్రకటించిన చోటే స్థిరపడిపోతుంది కాబట్టి ఈ ఏటి అంకే మళ్లీ వచ్చి, వృద్ధి సున్నా అని చూపిస్తుంది. ఏడాది మొదటి నుంచి మొత్తం కట్టే టోటల్‌వైటీడీ ఫంక్షన్‌కు ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుందని చెప్పకపోతే అది డిసెంబర్ 31 అనుకుంటుంది. ఏప్రిల్ నెల "ఏడాది మొదటి నుంచి" అంకెలో జనవరి నుంచి మార్చి దాకా జరిగిన అమ్మకమూ కలిసిపోతుంది. మన యజమాని గారికి తెల్లవారుజామునే ఫోనులో రిపోర్టు చూసే అలవాటు ఉంది. ఐదు గంటలకు చూస్తే "ఈ రోజు" అన్న పెట్టెలో నిన్నటి అమ్మకం కనిపిస్తుంది, ఆరు గంటలకు సున్నా కనిపిస్తుంది. కారణం, క్లౌడ్ సర్వీసులో టుడే ఫంక్షన్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) కాలం చెబుతుంది. అక్కడ తేదీ మారేసరికి మనకు ఐదున్నర అవుతుంది. నా ల్యాప్‌టాప్‌లో ఈ తేడా ఎన్నటికీ కనిపించదు, ఎందుకంటే అక్కడ గడియారం మనదే.

ఇవన్నీ సరిచేశాక కూడా మిగిలేవి మళ్లీ ప్రశ్నలే. పది కొంటే ఒకటి ఉచితమన్న స్కీములో వెయ్యి రూపాయలకు అమ్మిన సరుకు సగటు ధర పదితో భాగిస్తే 100, పదకొండుతో భాగిస్తే 90.91. రెప్పు మొదటిది చెబుతాడు, గోడౌను రెండోది చెబుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు, పన్నుతో కలిపిన బిల్లు మొత్తాన్నే "అమ్మకం" అని చూపించే పాత పేజీలో, పన్ను లేకుండా అంతే సరుకు అంతే ధరకు అమ్మినా, 112 రూపాయలు 105గా మారి 6.25 శాతం పడిపోయినట్టు కనిపించింది. ఆ పేజీ అంతకుముందు ఎన్నేళ్లుగానో తప్పుగా ఉంది. పన్ను రేటు మారనంత కాలం ఆ తప్పు అన్ని నెలల మీదా సమానంగా పరుచుకుని ఉండటం వల్ల ఎవరి కంటా పడలేదు.

నా వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తేలికగా తీసేయలేను. వ్యాపారం చేసేవారికి అంకె కావాలి గాని నిర్వచనాల మీద చర్చ కాదని, ప్రతి శాతానికీ సభ పెడితే రిపోర్టు ఎప్పటికీ బయటికి రాదని నా సహోద్యోగి ఒకరు అంటారు. ఆయన చెప్పినదాంట్లో నిజముంది. యాభై మెజర్లకు యాభై సమావేశాలు ఎవరూ పెట్టలేరు. అయితే చర్చను ఎగ్గొడితే నిర్ణయం జరగకుండా ఉండదు, ఫార్ములా రాసే వాడి చేతికి మారుతుంది, అంతే. ఆ నిర్ణయం ఎవరూ చదవని ఒక ఎడిటర్ పెట్టెలో దాక్కుంటుంది. మందుల ధరల మీద గాని, రెప్పుల జీతాల మీద గాని నిర్ణయం తీసుకునే హక్కు నాకు లేదు. మెజర్ రాసే నెపంతో దాన్ని తీసుకోవడం నాకు నచ్చదు.

అందువల్ల ఆ రెండు కాగితాల రోజు తరువాత నేను ఫార్ములా ఏదీ మార్చలేదు. "లాభ శాతం" అన్న పేరు తీసేసి "అమ్మకం వంద రూపాయలకు లాభం" అని రాశాను. పక్కన "శాఖల సగటు శాతం" అని ఇంకో కాలమ్ పెట్టాను, ఎందుకంటే శాఖల మేనేజర్ల పనితీరు పోల్చడానికి అకౌంటెంటు గారికి ఆ 14 నిజంగానే అవసరం. ఆయన అడిగినది మొదటి నుంచీ అదే, నేనే వినలేదు. చివరి పేజీలో ప్రతి మెజర్‌కూ ఒక వాక్యం రాసి పెట్టాను: దేన్ని దేనితో భాగించాం, పన్ను ఉందా లేదా, ఉచిత సరుకు లెక్కలో ఉందా, ఏ తేదీ తీసుకున్నాం.

ఆ పేజీలో ఒక వరుస ఇంకా ఖాళీగానే ఉంది. ఎక్స్‌పైరీ అయి తిరిగి వచ్చిన సరుకును అమ్మిన నెలలోంచి తీసేయాలా, క్రెడిట్ నోట్ ఇచ్చిన నెలలోంచి తీసేయాలా అన్నది తేలలేదు. అకౌంటెంటు గారు క్రెడిట్ నోట్ నెలే అంటారు, పుస్తకాలు అలాగే ఉంటాయి కాబట్టి. అమ్మకాల మేనేజర్ గారు అమ్మిన నెలలోంచే తీయాలంటారు, లేకపోతే లక్ష్యం కోసం మార్చిలో షాపులకు సరుకు అంటగట్టిన రెప్పు బండారం బయటపడదు కాబట్టి. యజమాని గారు ఇద్దరి మాటా విని, "రెండూ చూపించండి, దసరా వెళ్లాక చెబుతాను" అన్నారు. అప్పటిదాకా ఆ పేజీలో నికర అమ్మకం రెండు వరుసలుగా ఉంటుంది, వాటి మధ్య తేడా మూడో వరుసగా ఉంటుంది.